ట్యాంకరు మీద అరచేతి దెబ్బ

ట్రాక్టరు కొనేవాడు హార్స్‌పవరు ఎంత అని అడుగుతాడు. డీజిలు ఎంత తాగుతుందని అడుగుతాడు. మడక ఎంత లోతు దిగుతుందని అడుగుతాడు. బరువుతో పోతూ ఉంటే ఆగుతుందా అని అడిగినవాళ్ళను నేను పనిచేసిన కాలమంతా కలిపి చూసినా వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమందిలో ఒకడు ఓబులేసు. అడిగి, బ్రేకు పెట్టించుకుని కూడా వాడు ఆ బండి కిందే పోయాడు. వాడి గురించీ, వాడి భార్య అంజినమ్మ గురించీ చెప్పకుండా ఈ పని గురించి ఏం చెప్పినా దండగే.

నా పేరు దేవదానం. ముదిగుబ్బ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు నాది. దానమన్న షెడ్డు అంటే ఎవరైనా చూపిస్తారు. ఇప్పుడు దాన్ని మా అక్క కొడుకు నడుపుతున్నాడు. నేను బయట నులక మంచం మీద కూర్చుని దగ్గుతూ ఉంటాను. పాత బ్రేకు లైనర్ల దుమ్ము చేసిన పని అది. డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును నోటితో ఉఫ్‌మని ఊదేవాళ్ళం. ఊదిందంతా మళ్ళీ మా ముక్కుల్లోకే వచ్చేది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నా మొదటి మాట అదే. ఊదకండి. తడిగుడ్డతో తుడవండి. మాకు ఎవరూ చెప్పలేదు.

ఐటీఐ చదివి వచ్చే పిల్లలు ఇంజను పని నేర్పమంటారు, పంపు పని నేర్పమంటారు. బ్రేకు పని అంటే మొహం చిట్లిస్తారు. "దాంట్లో ఏముందన్నా, షూలు మార్చడమే కదా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

హుసేనప్ప మేస్త్రీ

నేను పని నేర్చుకుంది హుసేనప్ప దగ్గర. మంచివాడని చెప్పను. నోరు తెరిస్తే బూతు, చెయ్యెత్తితే దెబ్బ. ఏదీ విడమరిచి చెప్పేవాడు కాదు. తప్పు చేస్తే తిట్టేవాడు, ఎందుకు తప్పో మనమే తెలుసుకోవాలి. అలా నేర్పడం గొప్ప అని ఇప్పుడు కొందరు అంటారు. నేను అనను. నోటితో చెప్పి ఉంటే సగం కాలంలో నేర్చుకునేవాణ్ణి, నా చెవులూ బాగుండేవి.

కానీ ఒక విషయంలో ఆయన కాళ్ళకు మొక్కాలి. పొలంలో మలుపు తిరిగేటప్పుడు ఒక చక్రానికే బ్రేకు వేయాలి కాబట్టి ట్రాక్టరుకు కుడికొకటి, ఎడమకొకటి రెండు పెడళ్ళు ఉంటాయి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. వేయకపోతే తొందరలో కాలు ఒకదాని మీదే పడుతుంది. ఒక చక్రమే ఆగుతుంది. వెనకున్న బరువు బండిని గిరుక్కున తిప్పి పడేస్తుంది. హుసేనప్ప షెడ్డు వాకిట్లో స్పానరు పట్టుకుని నిలబడి, బయటికి పోయే ప్రతి డ్రైవరునూ అడిగేవాడు.

"కొక్కెం యాడుందిరా?"

ఒకసారి శనక్కాయల మూటలు వేసుకున్న డ్రైవరు నవ్వుతూ, "ఏస్తాలే మేస్త్రీ, రోడ్డెక్కినాక" అన్నాడు. హుసేనప్ప తాళంచెవి ఊడబెరికి, సామాన్లు కడిగే కిరోసిను తొట్లో వేశాడు.

"ఈడనే ఏసుకో నాయనా. రోడ్డు నీ కోసం ఆగదు" అన్నాడు.

ఆ డ్రైవరు మోచేతుల దాకా ఆ నల్లటి కిరోసిన్లో ముంచి వెతుక్కుంటుంటే మేమంతా పడీపడీ నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన తమ్ముడు అలాంటి కొక్కెం వేయని బండి కిందే పోయాడని నాకు చాలా కాలం తర్వాత ఆయన భార్య చెప్పింది. ఆయన నోటి నుంచి ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు.

తర్వాత కొన్నాళ్ళు అనంతపురంలో ఒక ట్రాక్టర్ల షోరూంలో పనిచేశాను. అక్కడి మేనేజరు ఇస్త్రీ చొక్కా నలగకుండా మాట్లాడే మనిషి. కొనడానికి వచ్చిన రైతుకు నేను ట్రాలీ బ్రేకు గురించి చెప్తుంటే పక్కకు పిలిచి, "ఏమప్పా దానం, పెండ్లి చూపుల్లో పాడె మాట ఎత్తుతాండావే" అన్నాడు. నవ్వొచ్చేలాగే అన్నాడు, నేనూ నవ్వాను. ఆ నెల గడవకముందే మానేసి వచ్చి సొంత షెడ్డు వేసుకున్నాను.

బరువు తోస్తుంది

మా వైపు ట్రాలీలకు బ్రేకులుండవు. ట్రాక్టరుకు ఉన్న బ్రేకే వెనకున్న బరువునంతా ఆపాలి. దిగుడులో ట్రాక్టరు ఆగాలనుకుంటుంది, ట్రాలీ ఆగనంటుంది. వెనక నుంచి తోస్తుంది. దీనికి తోడు డీజిలు మిగులుతుందని కొందరు దిగుడులో న్యూట్రల్ కొడతారు. ఇంజను పట్టు కూడా పోతుంది. ఇక బండి దేవుడి మీద భారం వేసి దిగాల్సిందే. వాళ్ళను ఎన్ని తిట్లు తిట్టానో ఆ దేవుడికే తెలుసు.

అన్నింట్లోకీ పాడు బరువు నీళ్ళ ట్యాంకరు. మా దగ్గర బోర్లు ఎండిపోతే చీనీ చెట్లను, అంటే బత్తాయి చెట్లను, బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్ళు తోలుతారు. వాన లేని ఏడు ఏ రోడ్డు మీద చూసినా పాత ట్రాక్టర్లు, వాటి వెనక తుప్పు పట్టిన ట్యాంకర్లు. నిండు ట్యాంకరు బరువే కానీ నమ్మకంగా ఉంటుంది. సగం ఖాళీ అయిన ట్యాంకరును నమ్మకూడదు. లోపల నీళ్ళు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటాయి. బ్రేకు వేసిన క్షణం కాక, వేసిన తర్వాత, ఇక ఆగిందిలే అనుకునేటప్పుడు వచ్చి తోస్తాయి. లోపల అడ్డు రేకులు వేస్తే ఆ ఊపు తగ్గుతుంది. మా వైపు చేసే ట్యాంకర్లలో అవి వేయరు. ఇనుము కలిసొస్తుందని.

కొత్త ట్రాక్టర్లయితే ట్రాలీ బ్రేకుకు నూనె ఒత్తిడి పంపే ఏర్పాటు ఉంటుంది. పాత బండ్లకు ఆ దారి లేదు. వాటికి మేము పెట్టేది తోపుడు బ్రేకు. ట్యాంకరు ముందుండే, ట్రాక్టరుకు తగిలించే ఇనుప నొగను రెండు ముక్కలు చేసి, ఒక గొట్టంలో ఇంకొకటి జారేలా పెడతాం. ట్రాక్టరు నెమ్మదించగానే ట్యాంకరు ముందుకు తోస్తుంది కదా, ఆ తోపుకు లోపలి గొట్టం జరిగి ఒక కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ చక్రాల్లోని షూలను డ్రమ్ముకు ఒత్తుకునేలా తెరుస్తుంది. ఎంత తోస్తే అంత గట్టిగా పడుతుంది. డ్రైవరు ఏమీ చేయనక్కర్లేదు. పాత ఇనుము అమ్మే గుజిరీ అంగట్లో దొరికే పాత జీపు డ్రమ్ములతో చేసేవాణ్ణి. గొట్టంలో గ్రీజు ఎండిపోకుండా చూసుకోవాలి, రెండు చక్రాలకూ కడ్డీ సమంగా బిగించాలి. ఒకటి ముందు పట్టిందంటే బండి ఆ పక్కకు గుంజుతుంది. తొందరపడి బిగించే పని కాదిది.

దాంట్లో ఒకటే చిక్కు. ట్యాంకరును వెనక్కి తోలేటప్పుడు కూడా గొట్టం జరుగుతుంది. బ్రేకు పట్టేస్తుంది, బండి వెనక్కి పోదు. అందుకని రెండు గొట్టాలకూ కలిపి ఒక రంధ్రం వేసి, వెనక్కి పోయేటప్పుడు అందులో ఒక బోల్టు దూర్చేవాళ్ళం. బోల్టు ఉంటే గొట్టం జరగదు, బ్రేకు పట్టదు. ముందుకు పోయే ముందు బోల్టు తీసేయాలి. తీయకపోతే ఆ ట్యాంకరుకు బ్రేకు లేనట్టే లెక్క. బోల్టు తలకు ఒక ఎర్రగుడ్డ కట్టి ఇచ్చేవాణ్ణి, కంటికి కనబడుతుందని.

వాళ్ళిద్దరూ

ఓబులేసు పాత ట్రాక్టరు మీద, అంజినమ్మ దాని మడ్‌గార్డు మీద కూర్చుని నా షెడ్డుకు వచ్చారు. వాళ్ళ ఊరు మాకు దగ్గరే. చీనీ తోట రెండు ముక్కలుగా ఉంది. ఒకటి మిట్ట మీద, ఒకటి కింద వాన నీళ్ళు పారే వంక పక్కన. మధ్యలో దిగుడు, దిగుడు చివర వంక మీద సన్నటి కల్వర్టు. పైన మిట్ట దాటాక ఒకరి బోరులో మాత్రమే నీళ్ళున్నాయి. అక్కడ నింపుకుని, ముందు మిట్ట మీది చెట్లకు పోసి, సగం ట్యాంకరుతో దిగుడు దిగి కింది చెట్లకు పోయాలి. సగం ట్యాంకరుతో అనగానే నేను చేతిలో పని కింద పెట్టాను.

"అన్నా, ఈ మనిషికి దిగుడులో కాళ్ళు వణకతాండాయంట. నాకు చెప్పడు, రాత్రి కలవరిస్తాడు" అంది అంజినమ్మ.

"గమ్మునుండే" అన్నాడు ఓబులేసు సిగ్గుపడుతూ. తర్వాత నా వైపు తిరిగి, "నిజమేన్నా. ఎనకనించి ఎవురో నూకినట్ల ఉంటాది. ఏదన్నా చెయ్యి" అన్నాడు.

భయమేస్తోందని ఒప్పుకున్న డ్రైవరును నేను చూడటం అదే మొదలు. నాకు వాడు వెంటనే నచ్చాడు. బ్రేకు పెట్టిచ్చాను. ఇద్దరికీ బోల్టు సంగతి చెప్పాను. దిగి బోల్టు పెట్టి, ఎక్కి, మళ్ళీ దిగి తీయడం ఒక్కడికి కష్టం కాబట్టి ఆ పని అంజినమ్మ తీసుకుంది. మా వైపు ట్యాంకరు తోలేవాళ్ళలో ఒక అలవాటుంది. వెనకున్న మనిషి పని అయ్యాక ట్యాంకరు రేకు మీద అరచేత్తో గట్టిగా కొడతారు. అది వినబడితే డ్రైవరు బండి కదిలిస్తాడు. ఇంజను మోతలో కేకలు వినబడవు, రేకు మోత వినబడుతుంది. అంజినమ్మ పైపు తీసి, బోల్టు తీసి, ట్యాంకరు మీద కొట్టేది. ఓబులేసు పోయేవాడు.

ఒకసారి ఆ తోట పక్కగా పోతూ వాళ్ళ పని చూశాను. చెయ్యి రేకు మీద పడటం, బండి కదలడం ఒక్కసారే జరిగాయి. ఓబులేసు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "మొగుడూ పెండ్లాల పొందిక అంటే ఇది" అని నవ్వుకుంటూ పోయాను.

వంక దగ్గర

మిట్టమధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "దానమన్నా, నీ బ్రేకు పట్టలేదంట. ఓబులేసు పోయినాడు."

నేను పోయేసరికి ట్రాక్టరు కల్వర్టు పక్కన తలకిందులుగా ఉంది. ట్యాంకరు దాని మీదికి ఎక్కినట్టు అడ్డంగా పడి ఉంది. నీళ్ళన్నీ ఇసుకలో ఇంకిపోయాయి. ఓబులేసును చీనీ చెట్టు కింద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. అంజినమ్మ పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

ఓబులేసు అన్న గంగన్న నన్ను చూడగానే వచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఆగుతాదంటివే! యాడ ఆగింది? నా తమ్మున్ని మింగింది గదరా నీ బ్రేకు!"

ఊరంతా నా చుట్టూ మూగింది. గంగన్న చెయ్యి విడిపించుకుని నేను ట్యాంకరు కిందికి దూరాను. గొట్టం చూశాను. రంధ్రంలో బోల్టు ఉంది. దానికి కట్టిన ఎర్రగుడ్డ ఎండకు వెలిసి మట్టిరంగుకు తిరిగింది. బోల్టు వంగిపోయి ఉంటే సుత్తితో కొట్టి తీశాను. ట్రాక్టరు గేరు కూడా చూశాను. చిన్న గేరులోనే ఉంది. వాడు న్యూట్రల్ కొట్టలేదు. చేయాల్సిందంతా చేశాడు.

నాకు కోపం తలకెక్కింది. బోల్టు పైకెత్తి పట్టుకుని, "ఇదిగో సూడండి! ఇది తీయకుంటే బ్రేకు యాడ పట్టల్ల? బ్రేకుకు ఏం కాలేదు గంగన్నా, దాన్ని కట్టేసినారు!" అని అరిచాను.

అందరూ బోల్టు వైపు చూశారు. నేను అంజినమ్మ వైపు చూశాను, ఎందుకు చూశానో తెలియదు. ఆమె బోల్టును చూసింది. తర్వాత తన కుడి అరచేతిని చూసుకుంది. చాలాసేపు అలాగే చూసుకుంటూ ఉంది. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఎత్తిన చెయ్యి దించుకున్నాను.

ఊరివాళ్ళకు మాత్రం అది అర్థం కాలేదు. ఆ పని ఆమె చేసేదని వాళ్ళకు తెలియదు. "బోల్టు పెట్టుకొని దిగినాడంట, తాగినాడేమో" అన్నాడు ఒకడు. "ఓబులేసు తాగడే" అన్నాడు ఇంకొకడు. "ఎండకు ఏదో ఏసుకొనుంటాడులే" అన్నాడు మూడోవాడు. గేరులోనే దిగాడని నేను చెప్పాను. "బోల్టు తీయనోనికి గేరు యాడ గుర్తుంటాది" అన్నారు. దుప్పటి కింద ఉన్నవాడు జవాబు చెప్పలేడు కదా. అక్కడ నిలబడి ఉండగానే వాడు తాగుబోతు అయిపోయాడు.

టైరు మీద కూర్చుని చెప్పిన మాట

దినాలు అయిపోయాక ఒక రోజు అంజినమ్మ బస్సు దిగి షెడ్డుకు వచ్చింది. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. పాత టైరు ఒకటి చూపిస్తే దాని మీద కూర్చుంది. నీళ్ళిచ్చాను, తాగలేదు.

"అన్నా, ఆ బోల్టు ఆయప్ప పెట్టలేదు. చెట్లల్లోకి ఎనక్కి తోలేటప్పుడు నేను పెట్టినా" అంది.

"తెలుసమ్మా" అన్నాను.

"పైపు సుట్టి బుజానేసుకుంటి. పైపులో మిగిలిన నీళ్ళు కడవకు పట్టుకొని కడవ సంకనేసుకుంటి. తోట కడాకు ఒక చెట్టుంటాది, దానికి ఎప్పుడూ పైపు అందదు. దానికి పోయల్లని బిరీన పోతాంటి. పోతా పోతా ట్యాంకరు మీద కొట్టినా. చెయ్యి దానంతట అదే కొట్టిందన్నా. ఆయప్ప ఎనక్కి తిరిగి సూల్లేదు. ఏమిటికి సూస్తాడు? నేను కొట్టినాక ఎప్పుడూ సూడ్డు."

చేతిలో ఉన్న స్పానరును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.

"తాగి పోయినాడంటాండారు ఊర్లో. మా బావ గూడా అంటాండాడు. ఆయప్ప ఎప్పుడూ ముట్టలేదన్నా. నా కూతుర్ని ఇస్కూల్లో అడిగినారంట, మీ నాయన తాగుతాడంట గదా అని. అది వచ్చి నన్నడిగింది, అవునామా అని. నేను ఏం చెప్పల్ల? చెప్పేస్తా అనిపిస్తాది. నోరు రాదు."

నేను అప్పుడు బాగా ఆలోచించే మాట్లాడాను. "చెప్పొద్దమ్మా. భూమి ఇంకా మీ బావ పేరునే ఉండాది. తెలిస్తే నిన్నూ నీ బిడ్డనూ ఇంట్లోంచి నూకుతారు. పోయినోడు పోయినాడు. వాని పేరు ఎట్లుంటే ఏమి? బతికినోళ్ళు తినల్ల గదా."

ఆమె లేచి నిలబడింది.

"ఆ ఇంట్లో, ఆయప్ప పటం కింద కూసోని తినేది నేను గదన్నా" అని వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆమె భారం తీసే శక్తి నాకు లేదు. నేను చేయగలిగింది ఇనుము పనే. బోల్టు పెట్టడం తప్పించి ఇంకో దారి లేదా అని గొట్టాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. చివరికి ఒక బిళ్ళ చేశాను. మామూలు ఇనుప బిళ్ళే, ఒక చివర మడత బందు. వెనక్కి పోయేటప్పుడు దాన్ని చేత్తో ఎత్తి గొట్టాల మధ్య ఉంచాలి. వెనక్కి పోయినంతసేపూ ఆ ఒత్తిడికే అది నిలుస్తుంది. బండి ఒక్క అడుగు ముందుకు లాగిందంటే గొట్టం సాగి, బిళ్ళ దానంతట అదే కింద పడిపోతుంది. మనిషి మరిచిపోయినా ఏం కాదు. ఈ పని నేర్చుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. తీయండి తీయండి అని మనుషుల చెవుల్లో చెప్పీ, ఎర్రగుడ్డలు కట్టీ మన పని అయిపోయిందనుకోకూడదు. అలిసిపోయిన మనిషి, సంకన కడవతో, ఎండిపోతున్న చెట్టును చూస్తూ పోయే మనిషి మరిచిపోతుంది. అలాంటి మనిషిని చూసి మనం బ్రేకు చేయాలి.

బోరు దగ్గర

అంజినమ్మ ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. ముదిగుబ్బలో ఒక గది అద్దెకు తీసుకుని, శనక్కాయల మిల్లులో పనికి పోతూ, కూతుర్ని చదివిస్తోంది. ఇంట్లో ఎందుకు లేదో చెప్పాలంటే బోరు దగ్గర జరిగింది చెప్పాలి.

మరుసటి ఎండాకాలం అది. మిట్ట దాటాక ఉండే ఆ బోరు దగ్గరే ట్యాంకర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. అంజినమ్మ అప్పటికి ఆ బోరు ఆయన దగ్గర కూలికి చేరింది. ట్యాంకర్లకు పైపు పెట్టడం, తీయడం ఆమె పని. గంగన్న తమ్ముడి ట్యాంకరును బాగుచేయించి తెచ్చాడు. దానికి నా బిళ్ళ పెట్టమని నన్ను పిలిపించాడు. నేను దాని కింద పడుకుని పని చేస్తున్నాను. గంగన్న పక్కన నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నాడు.

"మావోడు మంచోడే. ఆ తాగుడే సంపింది వాన్ని. లేకుంటే బోల్టు పెట్టుకొని ఎవుడన్నా దిగుతాడా?"

అంజినమ్మ పైపు పట్టుకుని అక్కడే ఉంది. తల ఎత్తలేదు. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, వంగి బిళ్ళను చూసింది. వేలితో ఎత్తింది, వదిలింది. అది పడిపోయింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పడిపోయింది.

"ఇది ముందే తట్టలేదా అన్నా నీకు?" అని మెల్లగా అడిగింది.

"తట్టలేదమ్మా" అన్నాను. ఆమె పైపు దగ్గరికి పోయింది. నేను కింద అలాగే పడుకుని ఉండిపోయాను. బిళ్ళ నా ముఖం మీద వేలాడుతోంది.

మా ముందున్న ట్యాంకరు నిండింది. దాన్ని తెచ్చింది కొత్తగా పెళ్ళైన జంట. కంబదూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ తోట గుత్తకు పట్టారట. ఆ ట్యాంకరుకు పాత పద్ధతి బ్రేకే, బోల్టుదే. బోరు దగ్గరికి వెనక్కి తోలేటప్పుడు బోల్టు పెట్టారు. ఆ అమ్మాయి మూత వేసింది, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది, ఎవరో పలకరిస్తే నవ్వుతూ జవాబు చెప్తూ ట్యాంకరు మీద అరచేత్తో ఫట్‌మని కొట్టింది.

బండి కదిలింది.

అంజినమ్మ పరుగెత్తడం నేను చూడలేదు, కేక మాత్రం విన్నాను. అంత పెద్ద కేక ఆ మనిషి గొంతులోంచి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. బయటికి వచ్చేసరికి అంజినమ్మ ట్రాక్టరు ముందు రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. డ్రైవరు ఒక్కసారిగా క్లచ్చు, బ్రేకు తొక్కాడు. ముందు చక్రం ఆమె చీర కుచ్చిళ్ళకు తగిలి ఆగింది.

"బోల్టు తీయే! బోల్టు తీయకుండా కొడతావా? నేనిట్లనే కొట్టినా! నేనే కొట్టినా! తీయకుండా కొట్టి నా మొగున్ని సంపుకున్యా!"

ఎవరో ఇంజను ఆపేశారు. బోరు నీళ్ళు నేల మీదికి పోతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పైపు వదిలేసి వచ్చింది కదా.

అంజినమ్మ గంగన్న వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"బావా, ఆయప్ప తాగలేదు. బోల్టు ఆయప్ప పెట్టలేదు. నేను పెట్టినా, నేనే తీయలేదు. నేను కొడితేనే ఆయప్ప బండి తీసినాడు. నన్ను ఏమన్నా అనుకోండి. ఇంగ ఆయప్పనేమీ అనొద్దండి."

గంగన్న మొహం నల్లబడింది. తువ్వాలు భుజాన వేసుకుని, ట్యాంకరు అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఊరి వైపు పోయాడు. ఆమె సామాను ఆ సాయంత్రమే వాకిట్లోకి వచ్చిందని తర్వాత తెలిసింది. చీనీ చెట్లు ఆ ఏడే ఎండిపోయాయి. నీళ్ళు తోలినవీ, తోలనివీ, అన్నీ. గంగన్న వాటిని కొట్టించి కట్టెలకు వేశాడు. ఊర్లో మాత్రం ఓబులేసు తాగాడన్న మాట ఆ రోజు తర్వాత నా చెవిన పడలేదు.

కానీ ఆ క్షణాన అవేవీ మాకు తెలియవు. ఆ కొత్త పెళ్ళికొడుకు బండి దిగి, కిందికి వంగి, తన చేత్తోనే బోల్టు తీశాడు. మళ్ళీ ఎక్కి కూర్చుని ఇంజను వేశాడు. వేసి అలాగే ఆగాడు. అలవాటు కదా, రేకు మీద దెబ్బ పడాలి. ఆ అమ్మాయి ట్యాంకరు పక్కనే నిలబడి ఉంది. చెయ్యి ఎత్తింది కానీ కొట్టలేకపోయింది, ఏడుస్తూ ఉంది.

అంజినమ్మ ట్యాంకరు దగ్గరికి వచ్చింది. వంగి రంధ్రంలో వేలు పెట్టి చూసింది. అటు పక్కకు పోయి ఇంకోసారి వంగి చూసింది. నా వైపు చూసింది. నేను తల ఊపాను. అప్పుడు ఆమె కుడి చెయ్యి ఎత్తి ట్యాంకరు మీద కొట్టింది.

"ఇంగ పో నాయనా" అంది.